చెప్పుకోని దురద

మన తెలుగులో ఒంటి బాధలకు మాటల కరువు లేదు. పోటు వేరు, సలుపు వేరు, తీపు వేరు, మంట వేరు. వీటిలో ఏది కలిగినా మనిషి నోరు విడిచి చెప్పుకుంటాడు. విన్నవారు "అయ్యో పాపం" అంటారు. ఒక్క దురదకు మాత్రం ఆ భాగ్యం లేదు. నవ, జిల, గుల, తీట అని దానికీ పేర్లు చాలానే ఉన్నవి గాని, వాటిని మనం వాడే తీరు చూడండి. మాట ఆపుకోలేనివాడికి నోటిదురద, ఊరకే తగవు పెట్టుకునేవాడికి ఒళ్లు తీట! మా వైపు తమిళంలో "అరిప్పు" అనే మాటకూ ఇదే గతి పట్టినది. ఒక బాధ పేరే తిట్టుగా మారినప్పుడు, ఆ బాధ పడేవాడు నోరు మూసుకొనక ఏం చేస్తాడు?

నేను వ్రాయబోయేది భాషను గూర్చి కాదు. మూత్రపిండాలు చెడి, యంత్రం మీద రక్తశుద్ధి, అంటే డయాలిసిస్, చేయించుకునేవారి చర్మాన్ని గూర్చి. ఆ యంత్రం, ఆ సూదులు, ఆ ఖర్చు అందరికీ తెలిసిన కష్టాలే. చర్మం సంగతి మాత్రం ఇంట్లోవారికి కూడా తెలియకుండా గడిచిపోతుంది. మా ఇంట నేను చూచినదీ, డాక్టరుగారి నోట విన్నదీ, ఆ తరువాత చదివి తెలుసుకున్నదీ కలిపి చెబుతున్నాను.

మాది విరుదునగర్ జిల్లా ఏళాయిరంపన్నై. ఒక వైపు కోవిల్‌పట్టి, ఒక వైపు సాత్తూరు, ఇంకొంచెం ఎగువన శివకాశి. పత్తి పండే నల్లరేగడి నేల; దానిని ఇక్కడ కరిసల్ అంటారు. వాన చాలని నేల గనుక అగ్గిపెట్టెలూ బాణసంచా మా ప్రాంతానికి రెండవ పంట అయినవి. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, బడిలో తమిళం. కొన్ని వందల ఏళ్లుగా మా బ్రతుకు ఇంతే. కోవిల్‌పట్టి దగ్గర ఇడైసేవల్‌లో పుట్టిన కి. రాజనారాయణన్ గారు ఇంట తెలుగు మాట్లాడుతూనే తమిళ కథకు పెద్దదిక్కై, 1991లో సాహిత్య అకాడమీ బహుమానం పొంది, 2021లో కాలం చేసినారు. ఆయనంతటివారికి రెండు భాషలూ చెప్పినమాట వినేవి. మాబోటివాళ్లకు, బాధ కలిగినప్పుడు ఇంటి మాట వీధిలో చెల్లదు. వీధి మాట ఇంటి బాధకు సరిపోదు.

మా తమ్ముడు ఒక అగ్గిపెట్టెల కార్ఖానాలో లెక్కలు వ్రాసేవాడు. చక్కెర జబ్బు పదిహేనేళ్లుగా ఉన్నది. దాని వెనుకనే రక్తపోటు. ఆ రెండూ కలిసి మూత్రపిండాలను తినివేసినవి. ఇప్పుడు రెండేళ్లుగా వారానికి మూడుసార్లు కోవిల్‌పట్టిలో డయాలిసిస్. తెల్లవారుజామున బస్సెక్కి పోవడం, నాలుగు గంటలు పడుకోవడం, ఎండ తలకెక్కేవేళకు ఇల్లు చేరడం. తోడు నేనే పోతాను.

మొదలుపెట్టిన ఆరేడు నెలలకు వాడికి వీపున దురద పుట్టినది. తరువాత చేతులకు, కాళ్లకు. పగలు కొంచెం, రాత్రి విపరీతం. పైకి పొక్కు లేదు, దద్దురు లేదు. గీరుకున్న చారలు తప్ప ఏమీ కనిపించదు. అందరూ పడుకున్న తరువాత వాడు లేచి, ద్వారబంధానికి వీపు ఆనించి రుద్దుకుంటూ నిలబడేవాడు. చర్మం ఎండి, కాళ్ల మీద చేపపొలుసులా లేచినది. ముఖమూ చేతులూ నల్లబడినవి.

మా ఊళ్లో చర్మం రంగు మారితే అందరికీ తట్టేది బాణసంచా మందే. అల్యూమినియం పొడితో పనిచేసేవారు సాయంకాలానికి వెండిబొమ్మల్లా ఇల్లు చేరడం మాకు అలవాటైన దృశ్యం. "లెక్కలు వ్రాసినా మందుగాలి పట్టింది" అన్నారు కొందరు. వేడి చేసిందన్నారు కొందరు. రక్తం చెడిందన్నారు మరికొందరు. మందుల షాపువాడు తామరకు పూసే గొట్టమొకటి ఇచ్చినాడు. వేపాకు నీళ్లు, పసుపు, గట్టిగా శీకాయ రుద్దడం, అన్నీ అయినవి. శీకాయతో ఎండిన చర్మం ఇంకా ఎండినది.

ఇవన్నీ ఒక ఎత్తు. బంధువుల ఇంట బిడ్డకు చెవులు కుట్టే పండుగ నాడు జరిగినది ఒక ఎత్తు. బిడ్డ దానంతట అది వచ్చి వాడి ఒడిలో కూర్చున్నది. వాడి ముంజేతుల మీద గీరుకున్న గుర్తులు చూచి, ఒకరు వచ్చి బిడ్డను ఎత్తుకుపోయినారు. ఎవరూ ఒక్కమాట అనలేదు. వాడూ అనలేదు. ఆ మరుసటి వారం, "ఇంక డయాలిసిస్‌కు పోనక్కా, అలసటగా ఉన్నది" అని గోడవైపు తిరిగి పడుకున్నాడు.

ఒక పూట మానినాడు. ఆ రాత్రికే ఆయాసం వచ్చి, పడుకోలేక కూర్చుని తెల్లవార్చినాడు. ఉదయం మళ్లీ కోవిల్‌పట్టికి తీసుకుపోయినాము. అక్కడి నర్సు సూదులు గుచ్చుతూ, "రాత్రి నిద్ర పడుతున్నదా అణ్ణాచ్చీ?" అని అడిగినది. దురదను గూర్చి కాదు, నిద్రను గూర్చి. వాడు నావైపు చూచినాడు. నేను ద్వారబంధం సంగతి చెప్పినాను. అప్పుడు గాని అసలు మాట బయటపడలేదు: వాడికి అలసట కాదు. యంత్రం మీద ఉన్న నాలుగు గంటలూ సూదులున్న చేయి కదపరాదు. ఒళ్లంతా జిల పుడుతూంటే కట్టేసినట్టు పడుకోవాలి. అది భరించలేక మానుకున్నాడు. "ఇంతమంది ఆడపిల్లలు తిరిగేచోట, అరిప్పు అని ఎట్లా చెప్పేదక్కా?" అన్నాడు తరువాత.

డాక్టరుగారు వచ్చి కూర్చున్నారు. "పదిలో ఎంత? ఏమీ లేకుంటే సున్న, ఇంతకు మించి ఉండదనుకుంటే పది" అని అడిగినారు. తమ్ముడు లెక్కలవాడు గదా, ఆలోచించి "ఎనిమిది" అన్నాడు. కొలత అడిగేసరికి వాడి ముఖంలోని సిగ్గు సగం పోయినది. తీటకు సిగ్గుగాని అంకెకు సిగ్గేమి?

ఆయన చెప్పినదాని సారాంశమిది. ఇది గజ్జి కాదు, తామర కాదు, అంటువ్యాధి అసలే కాదు. మురికి వలన వచ్చినదీ కాదు. మూత్రపిండాలు పనిచేయనప్పుడు రక్తంలో నిలిచిపోయే మలినాలు, ఫాస్ఫరస్ మొదలైనవి, దీనికి తోడ్పడతాయి. చెమట గ్రంథులు కుంచించుకుపోయి చర్మం ఎండుతుంది. అన్నిటికంటె ముఖ్యంగా, దురదను మోసుకుపోయే నరాలే దారి తప్పి, లేని దురదను ఉన్నట్టు మెదడుకు చెబుతాయి. అందుకే పైకి ఏమీ కనిపించదు; కనిపించే గాట్లన్నీ గోళ్లు చేసినవే. దద్దుర్లకు మనం మింగే అలర్జీ మాత్రలు దీనికి అంతగా పనిచేయకపోవడానికి కారణమూ ఇదే. మత్తు మాత్రం ఇస్తాయి.

అయితే ఆయన వాడిని ఒక ప్రశ్న అడగకుండా వదలలేదు: "ఇంట్లో ఇంకెవరికైనా దురద ఉన్నదా? వేళ్ల సందుల్లో పొక్కులున్నవా?" ఉంటే అది నిజంగా గజ్జి కావచ్చును, దానికి వేరే మందు, ఇంటిల్లిపాదికీ వాడాలి. డయాలిసిస్ మనిషికి గజ్జి రాదని ఎక్కడా లేదు. చూచి తేల్చవలసినది డాక్టరు. దూరంగా నిలబడి తేల్చవలసినది చుట్టాలు కాదు.

ఈ బాధ ఒక్క మా ఇంటిదేనా అని నాకు సందేహం కలిగినది. కాదు. 12 దేశాలలో 18,000 మందికి పైగా డయాలిసిస్ రోగులను పరిశీలించి 2006లో ప్రకటించిన లెక్కలో, 100కి 42 మందికి ఓ మోస్తరు నుంచి విపరీతమైన దురద ఉన్నట్టు తేలినది. అటువంటివారికి నిద్ర లేదు, మనసు కుంగుదల ఎక్కువ. ఆయుర్దాయం కూడా తగ్గుతున్నట్టు కనిపించినది, అందులో నిద్రలేమికి పెద్ద పాలున్నది. 2017లో ప్రకటించిన మరొక పరిశీలన 17 దేశాలది. ఎడతెగని దురదతో బాధపడేవారిలో 100కి 17 మంది ఆ మాట డాక్టరుకు గాని, నర్సుకు గాని, ఎవరికీ చెప్పనేలేదట. ఆ డయాలిసిస్ కేంద్రాల పెద్దలలో 100కి 69 మంది, తమ దగ్గర ఇంతమందికి దురద ఉన్నదని ఎరుగరట. వీరు చెప్పరు, వారు అడగరు. సిగ్గుకు దేశం లేదు, భాష లేదు!

ఆలోచిస్తే ఇదొక చిత్రమైన బాధ. ఒకప్పుడు మూత్రపిండాలు పూర్తిగా చెడినవాడికి వారాలే ఆయువు. 1943లో హాలండు దేశం జర్మనుల చేతిలో ఉండగా, విల్లెం కోల్ఫ్ అనే డాక్టరు, సాసేజి మాంసానికి తొడిగే సెల్లోఫేను గొట్టాలతో మొదటి డయాలిసిస్ యంత్రం కట్టినాడు. 1960లో అమెరికాలోని సియాటిల్‌లో బెల్డింగ్ స్క్రిబ్నర్ చేతికి టెఫ్లాను గొట్టం అమర్చి, ఒకే మనిషికి మళ్లీ మళ్లీ డయాలిసిస్ చేయవచ్చునని నిరూపించినాడు. 1966లో చేతిలోని ధమనినీ సిరనూ కలిపి కుట్టే ఫిస్ట్యులా వచ్చినది. మా తమ్ముడి ఎడమచేతిలో గుయ్‌మని మోగేది అదే. మన దేశంలో వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలలో 1971లో మూత్రపిండం మార్పిడి సఫలమైనది. ఇట్లా వారాల ఆయువు ఏళ్ల ఆయువు అయినది. ఏళ్లు దొరికినప్పుడు గదా చర్మం కష్టాలు ఏళ్ల తరబడి మోయవలసి వచ్చేది! 1967లో లిండ్సే అనే ఆయన ఈ రోగుల గోళ్లలో ఒక గుర్తును వర్ణించినాడు: గోటి మొదలు సగం తెల్లగా, కొన సగం ఎర్రగోధుమ రంగుగా ఉంటుంది. అది చదివిన పూట తమ్ముడి చేయి పట్టుకుని చూచినాను. పదింట ఆరు గోళ్లు అట్లాగే ఉన్నవి. దాని వలన హాని లేదు. అది గుర్తు మాత్రమే. ముఖం నల్లబడటమూ అంతే. మందు పొడి కాదు, చేసుకున్న పాపమూ కాదు.

ఇక చికిత్స సంగతి. మొదటిది, డయాలిసిస్ పూర్తిగా చేయించుకోవడం. దురద భరించలేక గంట ముందే లేస్తే మలినం మిగులుతుంది. మలినం మిగిలితే దురద పెరుగుతుంది. ఈ గుండ్రం తిరగడం ఎక్కడో ఒకచోట ఆపాలి.

రెండవది ఫాస్ఫరస్. మాకు ఒక ప్రక్క కోవిల్‌పట్టి కడలైమిట్టాయి, ఒక ప్రక్క శ్రీవిల్లిపుత్తూరు పాల్‌కోవా, రెండూ భౌగోళిక గుర్తింపు పొందిన మిఠాయిలే. వేరుసెనగలోనూ పాలలోనూ ఫాస్ఫరస్ దండిగా ఉన్నది; చక్కెర జబ్బువాడికి బెల్లం, చక్కెరల దెబ్బ అదనం. రెంటి నడుమ పుట్టి రెంటికీ దూరమైనాడు మా తమ్ముడు. సీసాల్లో అమ్మే నల్లటి కోలాలు కూడా అంతే. ఫాస్ఫరస్‌ను కట్టివేసే మాత్రలు అన్నంతోబాటు మింగాలి. తిన్న రెండు గంటలకు మింగితే అవి పట్టుకోవడానికి కడుపులో ఏమీ ఉండదు.

మూడవది చర్మం ఎండనీయకపోవడం. కాగిన నీళ్లు వద్దు, గోరువెచ్చనివి చాలు; స్నానం త్వరగా ముగించాలి. పీచు, శీకాయ, ఘాటైన సబ్బు మానాలి. తుడుచుకున్న వెంటనే, ఒళ్లు కొంచెం తడిగా ఉండగానే, వాసన లేని లేపనమో కొబ్బరినూనో పూయాలి; పూటకొక్కసారి, రోజూ. నూలు బట్ట కట్టాలి. గోళ్లు పొట్టిగా ఉంచాలి. ఇది చిన్న వైద్యంగా కనిపిస్తుంది గాని, చాలామందికి సగం ఉపశమనం దీనితోనే వస్తుంది.

ఇంతకూ తగ్గకపోతే మందులున్నవి. గాబాపెంటిన్ అనేది మూర్ఛలకూ నరాల నొప్పికీ ఇచ్చే మందు. అతి తక్కువ మోతాదులో, డయాలిసిస్ అయిన తరువాత ఇస్తే ఈ దురద బాగా తగ్గుతుంది. అయితే ఆ మందు బయటికి పోవలసినది మూత్రపిండాల ద్వారానే గనుక, మోతాదు కొంచెం మించినా మనిషి మత్తుగా తూలిపడతాడు. పక్కింటివారికి నరాలనొప్పికి వ్రాసిన చీటీ చూపి కొనుక్కునే మందు కాదు సుమా! డాక్టరు పర్యవేక్షణలో ఒక తీరు అతినీల కాంతి చర్మానికి పట్టించడం మరొక మార్గం. ప్రత్యేకంగా ఈ దురదకే కనిపెట్టిన డైఫెలికెఫాలిన్ అనే సూదిమందుకు 2021 ఆగస్టులో అమెరికాలో అనుమతి లభించినది. మూత్రపిండం మార్పిడి జరిగినవారిలో చాలామందికి దురద దానంతట అదే పోతుంది.

కొన్నిటిని మాత్రం దురదతో కలిపి తేలికగా చూడరాదు. ఫిస్ట్యులా ఉన్న చేయి ఎర్రబడి, వేడెక్కి, చీము పట్టినా, జ్వరం వచ్చినా ఆ పూటే పోవాలి; అందుకే ఆ చేతిని గీరుకోరాదు, డయాలిసిస్‌కు ముందు శుభ్రంగా కడుక్కోవాలి. నడుమ గట్టి బిరడా ఉన్న చిన్న బుడిపెలు కాళ్ల మీద లేస్తే, గిల్లేకొద్దీ కొత్తవి పుడతాయి. చక్కెర ఉన్నవారిలో ఇవి ఎక్కువ. తొడల మీదనో పొట్ట మీదనో విపరీతమైన నొప్పితో ఊదారంగు మచ్చలు లేచి నల్లబడితే, అది అరుదైన జబ్బే గాని ప్రాణం మీదికి తెచ్చేది. చర్మంలోని సన్నని రక్తనాళాలలో సున్నం పేరుకుని చర్మం చచ్చిపోవడమది. ఒక్కరోజు కూడా ఆగరాదు.

తెలుగుదేశంలోని మనవారికి ఈ జబ్బు పరాయిది కాదు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, చక్కెర లేదు, రక్తపోటు లేదు, ఎందుకు వస్తున్నదో తేలదు, అయినా కొబ్బరితోటల నడుమ ఊరూరా మూత్రపిండాలు చెడుతున్నవి. 2023 డిసెంబరులో పలాసలో దీనికోసమే పరిశోధన కేంద్రమూ 200 పడకల ఆసుపత్రీ తెరిచినారు. డయాలిసిస్ పడకలు పెరిగేకొద్దీ, రాత్రి నిద్రలేక ద్వారబంధాలకు వీపు రుద్దుకునేవారూ పెరుగుతారు. వారికి పింఛను ఎంత ముఖ్యమో, "దురద ఉన్నదా?" అనే ప్రశ్న కూడా అంతే ముఖ్యమని నాకు తోస్తున్నది.

మా తమ్ముడి సంగతి చెప్పి ముగిస్తాను. పూర్తిగా పోయిందని చెప్పను. ఎనిమిది మూడుకు దిగినది. ఫాస్ఫరస్ పెరిగిన నెల మళ్లీ ఐదుకు ఎక్కుతుంది. రాత్రి ఐదు గంటలు నిద్రపోతున్నాడు. తరువాత ఒక్క పూట కూడా డయాలిసిస్ మానలేదు. చెవులు కుట్టించుకున్న ఆ బిడ్డ తల్లికి, ఇది అంటుకునేది కాదని డాక్టరుగారు చెప్పిన మాట నేను పోయి చెప్పినాను. ఆమె తల వంచుకుని విన్నది, బిడ్డను పంపుతున్నది.

మీ ఇంటనో, వీధిలోనో డయాలిసిస్ చేయించుకునేవారుంటే, ఉప్పు తగ్గించినావా, నీళ్లు తగ్గించినావా అని అడిగేటప్పుడే రాత్రి నిద్ర ఎట్లా ఉన్నదని కూడా అడగండి. తువ్వాలు వేరు చేయకండి, కంచం వేరు చేయకండి. డాక్టరుకు చెప్పడానికి సిగ్గైతే, ఆ పదిలో ఎంతో ఒక అంకె కాగితం మీద వ్రాసి ఇమ్మనండి. తమిళనాట 2021లో మొదలైన "మక్కళై తేడి మరుత్తువం" పథకం కింద రక్తపోటుకూ చక్కెరకూ మందులు ఇంటికి తెచ్చియిచ్చే ఆరోగ్య కార్యకర్తకు చెప్పినా చాలు, మాట చేరవలసిన చోటికి చేరుతుంది.

మా వైపు ఇంట్లో తెలుగు మాట్లాడేవారు వేలమంది. తెలుగు చదవగలిగినవారు ఏ కొందరో. కనుక చదివి మూసివేయక, అటువంటివారికి కాస్త వినిపించండి.